టవరు మీద నింద

మా ఖానాపూరులో, మేముండే వాడలోనే, వొక డాబా మీద సెల్‌ఫోను టవరు లేచి కొన్నేళ్లయింది. దాన్ని తీసివేయించాలని వాడవాళ్లు అర్జీ రాసుకున్నప్పుడు, చదువు చెప్పేవాణ్ణి గనుక మొదటి సంతకం నా చేత పెట్టించారు. పెట్టాను. అర్జీలోని ఫిర్యాదుల్లో వొకటి యిది: టవరు నుండి వచ్చే రేడియేషను వల్ల వాడలో వొకామెకు అరికాలిలో మానని పుండు పడిందని. ఆమె యెండాకాలం తునికాకు కోసేది, పంటకాలంలో పత్తి యేరేది, కూలి దొరకని రోజుల్లో బీడీలు చుట్టేది. "సారూ, గా టవరు లేసినంకనే నాకు గీ పుండైంది" అని నాతోనూ అన్నది. పుండు నల్లగా వుండేది. మొదట ముల్లు గుచ్చుకున్నదనుకుని పసరు కట్టారు. తరువాత టవరన్నారు.

అర్జీ రెండు కార్యాలయాలు తిరిగింది. ఆ తిరుగుడులో యెనిమిది నెలలు గడిచాయి. ఆ యెనిమిది నెలల్లో యెవరమూ, నేను కూడా, ఆమెను ముక్క పరీక్షకు తీసుకుపోలేదు. తీసుకుపోయేనాటికి గజ్జల్లో బిళ్ళలు కట్టాయి. అది మెలనోమా అనే చర్మపు క్యాన్సరని హైదరాబాదులో చెప్పారు. మరుసటి యేడు ఆమె చనిపోయింది.

ఆ తరువాత నా దగ్గర చదువుకున్న వొక విద్యార్థి వొక కాగితాల కట్ట తెచ్చి నా ముందు పెట్టాడు. రేడియో ప్రసారాలకూ చర్మపు క్యాన్సరుకూ సంబంధం వున్నదని చెప్పే స్వీడను పరిశోధన అది. "మనం అర్జీలో రాసింది నిజమే గదా సార్" అన్నాడు. అతని గొంతులో కోపం వుంది. ఆ కోపాన్ని నేను గౌరవిస్తాను. కాని ఆ ప్రశ్నకు జవాబు కోపంతో దొరకదు. చర్మపు క్యాన్సరు చరిత్రను మొదటి నుండి చూస్తేనే, యీ ఆరోపణ ఆ చరిత్రలో యెక్కడ నిలబడుతుందో తెలుస్తుంది. అందుకే యీ వ్యాసం.

చర్మపు క్యాన్సరు చరిత్ర, ఆశ్చర్యం కలిగించేటంతగా, కూలివాళ్ల చరిత్ర. 1775లో లండనులో పెర్సివల్ పాట్ అనే శస్త్రవైద్యుడు వొక సంగతి రాశాడు. పొగగొట్టాలు తుడిచే పనివాళ్లకు వృషణాల తిత్తి మీద క్యాన్సరు పుండ్లు వస్తున్నాయనీ, దానికి కారణం చర్మపు ముడతల్లో పేరుకునే మసి అనీ ఆయన చెప్పాడు. వొక పని వల్ల, వొక పదార్థం వల్ల క్యాన్సరు వస్తుందని వైద్యులు గుర్తించడం అక్కడే మొదలైంది. ఆ పనివాళ్లు పసితనంలోనే పనిలోకి దిగినవారు. యిరుకు గొట్టాల్లోకి దూరడానికి చిన్న వొళ్లే కావాలి గనుక, బీదవాళ్ల పిల్లలను కొనుక్కున్నట్టే తీసుకుపోయి, చాలాసార్లు బట్టలు కూడా లేకుండా గొట్టాల్లోకి యెక్కించేవారు. పుండు మాత్రం పెద్దయిన తరువాత బయటపడేది. యజమాని పెట్టిన బాకీని శరీరం యిరవై యేళ్ల తరువాత తీర్చేదన్నమాట.

పాట్ చెప్పిన పదమూడేళ్లకు, 1788లో, యెనిమిదేళ్ల లోపు పిల్లలను యీ పనిలో పెట్టకూడదని చట్టం వచ్చింది. అది కాగితం మీదనే వుండిపోయింది. 1840లో యిరవైవొక్క యేళ్ల లోపు వారిని గొట్టాల్లోకి యెక్కించకూడదని మరొక చట్టం వచ్చింది. దాన్నీ యెవరూ లెక్కచేయలేదు. 1875లో వచ్చిన చట్టంతో గాని ఆ దుర్మార్గం ఆగలేదు. కారణం తెలిసిన నాటికీ కార్యం జరిగిన నాటికీ మధ్య సరిగ్గా నూరేళ్లు. శాస్త్రం చెప్పినంత మాత్రాన సమాజం వినదని యీ నూరేళ్లు చెబుతున్నాయి.

రెండవ అధ్యాయం లాంకషైరు నూలుమిల్లులది. మ్యూల్ అనే వడుకు యంత్రం దగ్గర పనిచేసేవాళ్లు రోజంతా యంత్రం మీదికి వొంగి దారాలు అతకాలి. కదుళ్లకు వేసిన ఖనిజ తైలం చిమ్మి వాళ్ల బట్టలు తడిసిపోయేవి. పొగగొట్టాల పిల్లలకు వచ్చిన చోటనే వీళ్లకూ క్యాన్సరు వచ్చింది. 1922లో మాంచెస్టరులో యిద్దరు వైద్యులు ఆసుపత్రి రికార్డులు వెదికి యీ సంగతి బయటపెట్టారు. అంతకు ముందే, 1915లో, జపానులో యమగివా, ఇచికావా అనే యిద్దరు శాస్త్రజ్ఞులు కుందేళ్ల చెవులకు నెలల తరబడి తారు పూసి క్యాన్సరు పుట్టించి చూపారు. పాట్ కంటితో చూసి అన్న మాట అట్లా ప్రయోగంలో రుజువైంది.

మూడవ అధ్యాయం ఎక్స్‌రేది. 1895లో రాంట్‌గెన్ వాటిని కనుగొన్నాడు. 1902లోనే జర్మనీలో ఎక్స్‌రే వల్ల వచ్చిన చర్మపు క్యాన్సరు గురించి ప్రకటించారు. అమెరికాలో ఎడిసన్ ప్రయోగశాలలో క్లారెన్స్ డాలీ అనే సహాయకుడు తన చేతులనే కిరణాల ముందు పెట్టి యంత్రాలను పరీక్షించేవాడు. చేతులు కాలాయి, పుండ్లు పడ్డాయి, రెండు చేతులూ తీసివేయవలసి వచ్చింది. 1904లో చనిపోయాడు. ఎడిసన్ ఆ తరువాత ఎక్స్‌రే పని మానుకున్నాడు. యంత్రం పేరు చెబితే లోకానికి ఎడిసన్ గుర్తుకొస్తాడు గాని డాలీ గుర్తుకు రాడు.

మన దేశపు అధ్యాయాలూ వున్నాయి. కాశ్మీరులో చలికి తాళలేక బీదాబిక్కీ నిప్పులు నింపిన కాంగ్డీ కుండను అంగీ లోపల పొట్టకు ఆనించుకుంటారు. యేళ్ల తరబడి ఆ వేడి తగిలిన చోట, పొట్ట మీద, తొడల మీద, క్యాన్సరు వస్తుంది. బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో పనిచేసిన వి.ఆర్. ఖానోల్కర్ 1945లో ధోవతి క్యాన్సరును వర్ణించాడు. నడుము మీద ధోవతి ముడి యేళ్లకేళ్లు వొరుసుకున్న చోట వచ్చే క్యాన్సరు అది. 1980లలో పశ్చిమ బెంగాలులో గొట్టపు బావుల నీళ్లలోని ఆర్సెనిక్కు వల్ల వేలాది గ్రామీణుల అరచేతులూ అరికాళ్లూ మచ్చలు పడి గట్టిపడడం, కొందరిలో అది క్యాన్సరుగా మారడం వైద్యులు గుర్తించారు. కలరా రాకుండా శుభ్రమైన నీళ్లని తవ్వించిన బావులే అవి.

యీ అధ్యాయాలన్నిటిలో వొక పోలిక గమనించవలసి వుంది. ప్రతిచోటా మొదటి అనుమానం కేవలం కంటికి కనబడిన పొందిక. కాని యే అనుమానమూ అక్కడ ఆగిపోలేదు. యెవరికి యెక్కువ తగిలిందో వారికే యెక్కువ జబ్బు వచ్చిందా? మసి, తైలం, వేడి తగిలిన చోటనే పుండు వచ్చిందా? దాన్ని తొలగిస్తే జబ్బు తగ్గిందా? జంతువుల మీద ప్రయోగిస్తే వచ్చిందా? యీ ప్రశ్నలన్నిటికీ నిలబడిన తరువాతనే అనుమానం జ్ఞానమైంది. స్వీడను పరిశోధనను కూడా యీ గీటురాయి మీదనే గీసి చూడాలి.

ఆ పరిశోధన 2002లో హాల్‌బర్గ్, యొహాన్సన్ అనే యిద్దరు ప్రకటించినది. వారి వాదాన్ని తేలిక చేయకుండా చెబుతాను. స్వీడనులో ఎఫ్.ఎం. ప్రసారాలు 1955లో మొదలయ్యాయి. మెలనోమా పెరుగుదల వంపు కూడా ఆ కాలంలోనే తిరిగినట్టు వారికి కనబడింది. యెక్కువ ప్రసారిణుల పరిధిలోకి వచ్చే స్వీడను పురపాలక ప్రాంతాల్లో జబ్బు యెక్కువగా వున్నట్టు లెక్కగట్టారు. నార్వే, డెన్మార్కు, అమెరికా లెక్కలూ చూశారు. పైగా, ఎఫ్.ఎం. తరంగం పొడవు సుమారు మూడు మీటర్లు. దానిలో సగం దాదాపు మనిషి యెత్తు. అందుచేత మనిషి శరీరం ఆంటెన్నా లాగా ఆ తరంగాలను బాగా పట్టుకుంటుందన్నారు. శరీరం యీ పౌనఃపున్యాల దగ్గర యెక్కువ శక్తిని గ్రహిస్తుందన్న మాట భౌతికశాస్త్రం వొప్పుకునేదే.

అయితే చిక్కులెక్కడున్నాయి? మొదటిది కాలం. మెలనోమా వేరుపడి బయటికి కనబడడానికి యేళ్లూ పూళ్లూ పడుతుంది. 1955లో మొదలైన కారణం 1955 ప్రాంతంలోనే ఫలితం చూపిందంటే, ఆ ఫలితానికి కారణం అంతకు ముందరిదేనని అనుమానించాలి. రెండవది, 1950లలో స్వీడనులో మారినది రేడియో వొక్కటే కాదు. అక్కడి కార్మికోద్యమం పోరాడి 1938లో రెండు వారాల వేతన సెలవు, 1951లో మూడు వారాల వేతన సెలవు చట్టంగా సాధించుకున్నది. శీతల దేశపు తెల్లని చర్మం కలవారు, యేడాదంతా బట్టల్లో దాగినవారు, వేసవిలో సముద్రతీరాలకూ, తరువాత విమానాల్లో స్పెయినుకూ పోయి వొళ్లు కాల్చుకోవడం ఆ కాలంలోనే ప్రబలింది. రేడియో టవర్లు వచ్చిన పట్టణాల్లోకే సంపద వచ్చింది, సెలవులు వచ్చాయి, వైద్యులూ వచ్చారు. ధనిక ప్రాంతాల్లో మెలనోమా యెక్కువగా లెక్కకు వస్తుందన్నది యూరపులో తెలిసిన విషయమే. యింతకూ ఆ లెక్కల్లో ప్రాంతాలను ప్రాంతాలతో పోల్చారు గాని, జబ్బుపడిన మనిషి మీద యెంత తరంగం పడిందో యెవరూ కొలవలేదు.

యింగ్లండులో దీన్ని మరికొంచెం జాగ్రత్తగా చూశారు. బర్మింగ్‌హాం దగ్గర సటన్ కోల్డ్‌ఫీల్డులో పెద్ద రేడియో, టెలివిజను ప్రసారిణి వుంది. దాని చుట్టూ క్యాన్సర్లు యెక్కువగా వున్నాయన్న వాదం రాగా, హెలెన్ డాల్క్ బృందం 1997లో లెక్కలు ప్రకటించింది. రెండు కిలోమీటర్ల లోపు పెద్దవారిలో రక్తపు క్యాన్సరు యెక్కువగానే కనబడింది. దూరం పెరిగినకొద్దీ మెలనోమా తగ్గినట్టూ కనబడింది. అక్కడితో ఆగిపోతే టవరు దోషి అని తీర్పు చెప్పవచ్చు. వారు ఆగలేదు. బ్రిటనులోని మరి యిరవై పెద్ద ప్రసారిణుల చుట్టూ అదే లెక్క వేశారు. మొదటిచోట కనబడినది మిగతా చోట్ల ఆ రీతిగా కనబడలేదు. మొదటి అనుమానానికి మహా అయితే అతి బలహీనమైన ఆధారమే దొరికిందని వారే రాశారు. తమ అనుమానాన్ని తామే యిరవై చోట్ల పరీక్షకు పెట్టడం, అది నిలవకపోతే ఆ మాటా చెప్పడం నిజాయితీ.

యిక తరంగాల సంగతి. రేడియేషను అన్న వొక్క మాటలో ఎక్స్‌రే, యెండ, రేడియో అన్నీ కలగలిసిపోవడం వల్లనే సగం భయం పుట్టింది. కాంతి గాని, రేడియో తరంగం గాని శక్తిని పొట్లాలుగా మోస్తుంది. యెండలో చర్మాన్ని కాల్చే అతినీలలోహిత కిరణపు పొట్లం, ఎఫ్.ఎం. తరంగపు పొట్లం కన్నా సుమారు కోటి రెట్లు బలమైనది. కణంలోని డి.ఎన్.ఏ. బంధాలను చెడగొట్టే బలం మొదటిదానికి వుంది. రెండవది యెన్ని వచ్చిపడినా వొక్కొక్కటిగా ఆ పని చేయలేదు. గోడను కూల్చడానికి వొక గునపం పోటు చాలు, కోటి చీమలు వరుసగా వచ్చి తాకిపోయినా గోడ కదలదు.

రేడియో తరంగాలు చేయగలిగినది వేడెక్కించడం. ప్రసారం నడుస్తున్న ఆంటెన్నాకు ఆనుకుని నిలబడితే వొళ్లు కాలుతుంది. కాని దూరం పోయినకొద్దీ బలం వేగంగా పడిపోతుంది. పది కిలోవాట్ల ప్రసారిణి అన్ని దిక్కులకూ సమంగా చిమ్మితే, వొక కిలోమీటరు దూరంలో చదరపు మీటరుకు వచ్చేది వొక వాటులో వెయ్యోవంతు కన్నా తక్కువ. ఆంటెన్నా దాన్ని వొక వైపుకు తిప్పినా పెరిగేది కొన్ని రెట్లే. వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నం మన తునికాకు కూలీల మీద పడే యెండ చదరపు మీటరుకు సుమారు వెయ్యి వాట్లు. అంటే పది లక్షల రెట్లకు పైమాట. కాంగ్డీ నిప్పులు చేసిన పని టవరు చేస్తుందనడానికి యీ లెక్కలో చోటు లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 1992లోనే సూర్యకిరణాలను మనుషులకు క్యాన్సరు కలిగించే మొదటి తరగతిలో చేర్చింది. రేడియో తరంగాలను 2011లో "కలిగించవచ్చునేమో" అనే తరగతిలో పెట్టింది. అది కూడా ముఖ్యంగా సెల్‌ఫోను చెవికి ఆనించి మాట్లాడేవారిలో మెదడు కణితుల గురించిన పరిమిత ఆధారాలను బట్టి పెట్టినది. వాడలోని టవర్లను, చర్మాన్ని బట్టి పెట్టినది కాదు.

మన ప్రాంతానికి వద్దాం. తెలంగాణలో రేడియో కొత్తది కాదు. 1935లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చిన దక్కను రేడియో 1950లో అఖిల భారత రేడియోలో కలిసింది. ఆదిలాబాదులో ఎఫ్.ఎం. కేంద్రం 1986లో మొదలైంది. ఆ కేంద్రం నుండి గోండీ మాట కూడా గాలిలోకి వచ్చింది. భారతదేశంలో మెలనోమా నేటికీ యేటా లక్షమందికి వొకటి కన్నా తక్కువే. స్వీడనులో అది పదుల్లో వుంది. మన చర్మపు నలుపు మనకు గొడుగు. అయితే ఆ గొడుగు కిందికి రాని చోటు వొకటుంది: అరికాలు. మనవంటి నల్లని ప్రజల్లో మెలనోమా తరచుగా అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద వస్తుంది. యెండ చూడని అరికాలిలో వచ్చే యీ రకానికి యెండను కారణంగా చెప్పరు. తొలిదశలో కోసివేస్తే మనిషి బ్రతుకుతాడు. ముల్లనుకుని, ఆనెకాయనుకుని, టవరనుకుని కాలం గడిపితే బ్రతకడు. మా వాడ ఆమెకు జరిగినది యిదే.

యిక్కడ వొక ప్రశ్న వేసుకోవాలి. మన అడవుల్లో యే జబ్బు యెందరికి వస్తున్నదో లెక్క యెవరు పెట్టారు? జాతీయ క్యాన్సరు నమోదు కార్యక్రమం 1980ల తొలి యేళ్లలో మొదలైంది బొంబాయి, బెంగుళూరు, మద్రాసుల్లో. పుస్తకంలో పేరు వున్నవాడి జబ్బే శాస్త్రానికి కనబడుతుంది. ఖానాపూరు కూలి మనిషి హైదరాబాదు క్యాన్సరు ఆసుపత్రికి చేరాలంటే రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం, కూలి నష్టం, తోడు వచ్చేవాడి కూలి నష్టం. చేరనివారు లెక్కలోకి రారు. లెక్క లేనిచోట పుకారుకు యెదురు లేదు.

అట్లాగని టవరును అనుమానించిన మా వాడ ప్రజలను మూఢులని వెక్కిరించేవారితో నేను కలవను. ఆ టవరు పెట్టేటప్పుడు వాళ్లను అడిగినవారు లేరు. అద్దె డాబా యజమానికి, లాభం కంపెనీకి, జనరేటరు మోత వాడకు. ప్రాజెక్టులైనా, గనులైనా, టవర్లయినా యీ జిల్లాలో పైనుంచి దిగినవే. అడగకుండా నెత్తి మీదికి వచ్చిన దానిలో విషముందని అనుమానించడం అణగినవాడి అనుభవం నేర్పిన జాగ్రత్త. 2012 సెప్టెంబరు నుండి మన దేశంలో సెల్‌ఫోను టవర్ల తరంగాల పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదోవంతుకు తగ్గించారంటే, ప్రజల ఆందోళన లేకుండా అది జరిగేది కాదు. మా వాడ టవరు దగ్గర యెంత తరంగం వస్తున్నదో కొలిచి, అంకెను వాడలో అతికించమని అడగడం నేటికీ న్యాయమే. టవరెక్కి పనిచేసే కుర్రవాళ్లకు నడుము తాడూ, పనివేళ ప్రసారం ఆపే నియమమూ కావాలని అడగడం యింకా న్యాయం. టవరుకు ఆనుకుని నిలబడేది వాళ్లే. పడితే చచ్చేదీ వాళ్లే.

కాని అనుమానానికున్న న్యాయం ఆరోపణకు రుజువు కాజాలదు. యీ రెండింటినీ కలిపివేసినప్పుడు నష్టపోయేది కంపెనీ కాదు. తప్పుడు ఆరోపణ చేసినవాణ్ణి వొక్క అంకెతో నోరు మూయించడం కంపెనీకి చాలా సులభం. ఆ వొక్క అంకెతో పాటు మన న్యాయమైన అడుగుడు కూడా కొట్టుకుపోతుంది. పుండు వున్న మనిషికి యెనిమిది నెలలు పోతాయి. యీలోగా మన కళ్లముందే రుజువైన కారణాలు నిక్షేపంగా బ్రతుకుతాయి. నిర్మల్, నిజామాబాదు, కరీంనగరు ప్రాంతాల్లో లక్షల చేతులు బీడీలు చుడుతున్నాయి. పొగాకు క్యాన్సరు కారకమని తీర్పు వచ్చి దశాబ్దాలయింది. ఆ పొగాకు ధూళి పీల్చే ఆడవాళ్ల గురించి మా అర్జీలో వొక్క వాక్యం లేదు. పొగగొట్టం పిల్లవాడి కథ 1875లో ముగిసిందని చరిత్ర పుస్తకం చెబుతుంది. చేటలో పొగాకు పెట్టుకుని తల్లి పక్కన కూర్చున్న పిల్లను చూస్తే ముగిసిందనిపించదు.

ఆ విద్యార్థికి నేను యిదంతా చెప్పాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "అయితే మన అర్జీ తప్పంటారా సార్" అని అడిగాడు. సగం తప్పన్నాను. టవరు గురించి మమ్మల్ని అడగలేదన్న మాట వుంచి, పుండు మాట తీసివేసి, ఆ పుండును వేరే అర్జీలో రాయాలన్నాను. రెండవ అర్జీ మొన్న యిద్దరం కలిసి రాశాం. ఖానాపూరు ఆసుపత్రిలో నెలకు వొకసారైనా చర్మవైద్యుడు కూర్చోవాలనీ, ముక్క పరీక్ష నిర్మల్‌లోనే జరగాలనీ, ఆశా కార్యకర్తలు నోటితో పాటు అరికాళ్లు కూడా చూడాలనీ, చూసినది పుస్తకంలో యెక్కించాలనీ అందులో వుంది. దాని మీద మొదటి సంతకం యీసారి నేను పెట్టలేదు. చనిపోయినామె కూతురు పెట్టింది. ఆమె కూడా తునికాకుకు పోతుంది.